మర్ఫ్ ఎవరి పేరో తెలుసుకుని చేద్దాం. ఈసారి జూన్ 15న, గాల్వాన్ వీరుల కోసం కూడా చేద్దామా?

పొద్దుటిపరుగు (డాలస్), మే 3

అందరికీ నమస్కారం. ఈ నెల చివరి సోమవారం ఇక్కడ మెమోరియల్ డే, అంటే చనిపోయిన సైనికుల్ని తలుచుకునే రోజు. ఏటా ఆ రోజు మా జిమ్‌లో 'మర్ఫ్' చేయిస్తారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: ఒక మైలు పరుగు, ఆ తర్వాత 100 పుల్ అప్స్, 200 పుష్ అప్స్, 300 స్క్వాట్స్, మళ్ళీ ఒక మైలు పరుగు. పూర్తిగా చేయాలనుకుంటే ఒంటిమీద బరువు చొక్కా కూడా ఉండాలి. మగవాళ్ళకు 20 పౌండ్లు, అంటే సుమారు 9 కిలోలు. ఆడవాళ్ళకు 14 పౌండ్లు.

నిరుడు అయిపోయాక, నా పక్కనే చేసిన ఒక తెలుగు కుర్రాడు అడిగాడు: "అన్నా, మర్ఫ్ అంటే ఏంటి? దేనికైనా షార్ట్ ఫామా?" అని. నాకు మనసులో కలుక్కుమంది. మొదటి ఏడాది నాకూ తెలియదు. గంటకు పైగా ఒక మనిషి పేరు మీద ఒళ్ళు హూనం చేసుకుని, ఆ మనిషి ఎవరో కనుక్కోకుండానే ఇంటికెళ్ళి పడుకున్నాను. అందుకే ఈసారి ముందే రాస్తున్నాను.

మైకేల్ మర్ఫీ న్యూయార్క్ రాష్ట్రంలో ప్యాచోగ్ అనే ఊళ్ళో పెరిగాడు. 1998లో పెన్ స్టేట్‌లో డిగ్రీ పూర్తి చేశాడు. లా చదవడానికి సీటు వచ్చినా వద్దనుకుని నేవీలో చేరి సీల్ (నేవీ ప్రత్యేక దళం సైనికుడు) అయ్యాడు. 2005 జూన్ 28న ఆఫ్ఘనిస్తాన్‌లోని కునార్ కొండల్లో నలుగురి జట్టుకు నాయకుడుగా ఉన్నాడు. తాలిబన్లు వాళ్ళని చుట్టుముట్టారు. ఆ లోయలో సిగ్నల్ అందడం లేదు. బండల చాటున ఉంటే కాల్ కలవదు, బయటికి వస్తే తూటాలు. ఆయన బయటికే వచ్చాడు. సాయం అడుగుతుండగా వీపులో తూటా దిగి ఫోన్ చేతిలోంచి పడిపోతే, మళ్ళీ తీసి, తామున్న చోటు చెప్పి, మాట పూర్తి చేశాడు. ఆ పోరులోనే ప్రాణం విడిచాడు. అప్పటికి ఆయన వయసు 29. 2007 అక్టోబర్‌లో అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్‌ను ఆయన అమ్మానాన్నల చేతికిచ్చారు.

ఈ వ్యాయామం ఆయన తనకోసం తానే పెట్టుకున్నది. 'బాడీ ఆర్మర్' అనేవాడు. 2005 ఆగస్టులో క్రాస్‌ఫిట్ అనే వ్యాయామ సంస్థ వాళ్ళు దానికి ఆయన పేరు పెట్టారు. అంటే మనం చేసేది ఆయన చేసిన వ్యాయామమే. ఈ సంగతి తెలిసిన ఏడాది రెండో మైలు నేను వేరే మనిషిలా పరిగెత్తాను.

ఎవరెవరు చేస్తున్నారు ఈసారి?

---

కొత్తగా_మొదలు (కూకట్‌పల్లి), మే 3

అన్నా, నేను చేస్తాను. మూడు నెలలుగా జిమ్‌కి వెళ్తున్నాను. ఒక్కసారికి 4 పుల్ అప్స్ వస్తాయి. 100 అంటే టెన్షన్‌గా ఉంది. ఎలా?

---

పొద్దుటిపరుగు, మే 4

తమ్ముడూ, 100 ఒకేసారి ఎవరూ చేయనక్కర్లేదు. ఎక్కువమంది 20 రౌండ్లుగా విడగొట్టుకుంటారు. ఒక్కో రౌండ్‌లో 5 పుల్ అప్స్, 10 పుష్ అప్స్, 15 స్క్వాట్స్. లాగుడు తర్వాత తోపుడు, తర్వాత కాళ్ళు, ఇలా మారుతుంటాయి కాబట్టి ఏదో ఒకదానికి విశ్రాంతి దొరుకుతుంది. అన్నిటికంటే ముందు అలిసేది పుష్ అప్స్‌లో చేతులే. నీకైతే సగం మర్ఫ్ చాలు: అర మైలు, 50, 100, 150, అర మైలు. చొక్కా వద్దు. పుల్ అప్స్ బదులు నడుమెత్తు బార్ కింద ఏటవాలుగా వేలాడి ఛాతీని బార్ దగ్గరికి లాక్కో.

---

ఐసీయూ_రాత్రి (హైదరాబాద్), మే 4

నేను నర్సుని. చేసేవాళ్ళందరూ ఇది తప్పకుండా చదవండి. అలవాటు లేని ఒంటితో ఒక్కరోజులో వందల కొద్దీ చేస్తే కండరం విరిగి, లోపలి పదార్థం రక్తంలో కలిసి, కిడ్నీల మీద పడుతుంది. దీన్ని రాబ్డో అంటారు. మర్నాడో ఆ పైరోజో మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, చేతులు వాచి మోచెయ్యి మడవలేకపోయినా, ఇంట్లో నొప్పి మాత్రలు వేసుకుంటూ కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ముఖ్యంగా ఎగిరి బార్ అందుకుని మెల్లగా దిగే రకం పుల్ అప్స్ వందసార్లు చేయడం కొత్తవాళ్ళకి ప్రమాదం. దిగేటప్పుడే కండరం ఎక్కువ దెబ్బతింటుంది.

రెండోది ఎండ. 2015 క్రాస్‌ఫిట్ గేమ్స్‌లో మధ్యాహ్నపు ఎండలో మర్ఫ్ పెడితే ప్రపంచస్థాయి అథ్లెట్లే వడదెబ్బ తిన్నారు. మన ఊళ్ళో మే నెల సంగతి చెప్పాలా? తెల్లవారుజామున 5కి మొదలుపెట్టి 6కల్లా ముగించండి. చనిపోయినవాళ్ళని తలుచుకోవడానికి ఇంకో మనిషి మంచాన పడకూడదు.

---

సూటిమాట (విజయవాడ), మే 5

ఎవరినీ నొప్పించాలని కాదు, మనసులో ఉన్నది రాస్తున్నాను. ఒక సైనికుడు తన వాళ్ళని కాపాడబోయి ప్రాణం ఇచ్చాడు. మనం జిమ్‌లో స్క్వాట్లు తీస్తే ఆయనకి ఏం ఒరిగింది? ఆయన ఇంటివాళ్ళకి ఏం ఒరిగింది? ఆ గంటలో రక్తదానం చేయొచ్చు, ఒక పిల్లాడి ఫీజు కట్టొచ్చు. మా మేనమామ ఆర్మీలో చేసి వచ్చారు. ఆయన్ని సన్మానించడానికి పిలిచి శాలువా కప్పి ఫోటో తీసుకున్నవాళ్ళలో ఒక్కరు కూడా పెన్షన్ కాగితాల కోసం ఆయన తిరుగుతున్నప్పుడు తోడు రాలేదు. అందుకే ఇలాంటివి చూస్తే నాకు బాధ కలుగుతుంది.

---

మెట్లెక్కేవాడు (న్యూజెర్సీ), మే 5

సూటిమాట గారూ, మీ బాధ నాకు అర్థమైంది. నా అనుభవం చెబుతాను, తర్వాత మీరే ఆలోచించండి.

ఇక్కడ సెప్టెంబర్ 11 నాటికి మెట్లెక్కే కార్యక్రమాలు జరుగుతాయి. 2005లో డెన్వర్‌లో ఐదుగురు ఫైర్‌మెన్ మొదలుపెట్టారు, ఇప్పుడు చాలా ఊళ్ళలో ఉంది. మొత్తం 110 అంతస్తులు ఎక్కాలి, 2001లో అదే రోజు దాడిలో కూలిన న్యూయార్క్ ట్విన్ టవర్లకి ఉన్నన్ని. అంత ఎత్తు భవనం లేకపోతే చిన్నదాన్నే పదే పదే ఎక్కి దిగుతారు. ఆ రోజు చనిపోయిన న్యూయార్క్ ఫైర్ సిబ్బంది 343 మంది. ఎక్కే ప్రతి ఒక్కరి మెడలో ఆ 343 మందిలో ఒకరి ఫోటో, పేరు ఉన్న కార్డు వేస్తారు. ఎక్కడం అయ్యాక ఆ పేరు గట్టిగా చెప్పి గంట కొట్టాలి.

నేను మొదటిసారి ఎక్కినప్పుడు నలభయ్యో అంతస్తు దగ్గర కాళ్ళు వణికాయి. పక్కన ఒక పెద్దాయన ఫైర్ కోటు, హెల్మెట్, వీపు మీద గాలి సిలిండర్‌తో ఎక్కుతున్నారు. నాకు టీషర్టుతోనే ఊపిరి ఆడటం లేదు. అప్పుడు తట్టింది, ఆ రోజు వాళ్ళు ఇంత బరువుతో, పొగలో, పైనుంచి జనం దిగివస్తుంటే ఎదురెక్కారని. ఎన్ని పుస్తకాలు చదివినా ఆ సంగతి నా ఒంటికి అలా తెలిసేది కాదు. తల ఒప్పుకోవడం వేరు, మోకాలు ఒప్పుకోవడం వేరు.

ఎక్కేవాళ్ళు కట్టే డబ్బు చనిపోయిన ఫైర్‌మెన్ కుటుంబాలకి సాయం చేసే ఫౌండేషన్‌కి వెళ్తుంది. మర్ఫ్‌కి కూడా అలాగే ఉంది, ఆయన పేరు మీద నడిచే స్కాలర్‌షిప్ ఫౌండేషన్‌కి. చెమట ఒక్కటే కాదండీ.

ఇంకో మాట. మర్ఫీ తన యూనిఫాం మీద న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్ గుర్తు ఒకటి కుట్టుకుని తిరిగేవాడు, ఇంజిన్ 53, లాడర్ 43 వాళ్ళది. ఆయన కూడా ఇంకొకరి సేవని ఒంటిమీద మోసినవాడే.

---

సూటిమాట, మే 5

ఆ చివరి సంగతి నాకు తెలియదు. ఆలోచిస్తాను.

---

సంగిడిరాయి (విజయనగరం), మే 6

నాకు అరవై దాటాయి. ఈ ఇంగ్లీషు పేర్లు నాకు కొత్త గానీ విషయం పాతదే. పుష్ అప్స్‌ని మేము దండీలు అనేవాళ్ళం, స్క్వాట్స్‌ని బస్కీలు. తాలింఖానాలో (మా వ్యాయామశాల) అడుగుపెట్టగానే నేల మట్టి తీసి నుదుటికి రాసుకుని గురువు పేరు తలిచి, ఆ తర్వాతే ఒళ్ళు వంచేవాళ్ళం. పేరు తలవకుండా దండీ తీస్తే మా తాత ఊరుకునేవాడు కాదు, మళ్ళీ మొదటినుంచి తీయించేవాడు.

సంక్రాంతికి మా వైపు సంగిడి, అంటే బరువైన రాయి, ఎత్తే పోటీలు పెట్టేవారు. నా చిన్నప్పుడు ఒక తుఫానుకి మా చెరువు గట్టు తెగబోతే ఏడెనిమిది మంది రాత్రంతా మట్టి బస్తాలు మోసి నిలబెట్టారు. వాళ్ళలో ఒకాయన తర్వాత మూడేళ్ళకి జబ్బుచేసి పోయాడు. ఆ సంక్రాంతికి పోటీ మొదలుపెట్టే ముందు ఊరి పెద్ద లేచి ఆయన పేరు చెప్పి, "తొలి ఎత్తు ఆయనది" అన్నాడు. ఎత్తినవాడు ఆయన కొడుకు కాదు, వేరే వీధి కుర్రాడు. భుజం దాటించి దింపాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఇంటివాళ్ళకి ఏం ఒరిగిందని అడిగితే, ఆ ముసలమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ మాట తలుచుకునేది. అదే నాకు తెలిసింది.

---

పల్నాటిపిల్ల (గుంటూరు), మే 6

బాబాయ్ గారూ, చదువుతుంటే మా కారంపూడి గుర్తొచ్చింది. కార్తీక అమావాస్యకి పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. ఎన్నో ఊళ్ళ నుంచి వీరాచారవంతులు (ఆ వీరుల్ని కొలిచేవాళ్ళు) తమ కొణతాలు మోసుకుని వస్తారు. కొణతం అంటే ఆ వీరుడి ఆయుధం, వాళ్ళకి వీరుడే. నాగులేరులో స్నానం చేయించి, మోసుకుని ఊరేగుతారు. అది బలప్రదర్శన కాదు. కానీ మోసేవాళ్ళని చూస్తే ఒళ్ళంతా తాడులా బిగిసి ఉంటుంది. కథ వినడానికి కూర్చున్నవాళ్ళూ, ఆయుధం మోసేవాళ్ళూ ఇద్దరూ ఉంటేనే మా దగ్గర ఉత్సవం. పొద్దుటిపరుగు అన్న చెప్పింది కూడా అదే అనిపించింది. కథ లేకుండా మోస్తే ఉత్త బరువే.

---

కోరుకొండ_పాతవాడు (పుణె), మే 8

నేను కోరుకొండ సైనిక్ స్కూల్‌లో చదివాను. మర్ఫ్ గురించి చదువుతూ ఉంటే మనసు ఇంకోవైపు వెళ్ళింది. మా స్కూల్ పూర్వ విద్యార్థి కర్నల్ సంతోష్ బాబు. సూర్యాపేట ఆయన. నేను చేరేసరికి ఆయన బయటికి వెళ్ళిపోయారు, కానీ తెల్లవారకముందే విజిల్ ఊదితే లేచి పరిగెత్తిన గ్రౌండ్ ఇద్దరిదీ ఒకటే.

2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గాల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఆయనతో కలిపి మన సైనికులు 20 మంది చనిపోయారు. తుపాకులు పేలలేదు. రాళ్ళు, మేకులు కొట్టిన దుడ్డుకర్రలు, కింద గడ్డకట్టే చలిలో నది. ఆయన 16 బిహార్ అనే బెటాలియన్‌కి కమాండింగ్ ఆఫీసర్. తర్వాత మహావీర్ చక్ర ఇచ్చారు.

ఇప్పుడు లెక్క చూడండి. మర్ఫ్‌ని విడగొట్టేది 20 రౌండ్లుగా. అక్కడ పోయింది 20 మంది. జూన్ 15న ఒక్కో రౌండ్ ఒక్కో పేరుతో చేద్దాం. రౌండ్ మొదలయ్యే ముందు ఆ పేరు పైకి చదవాలి. చదవకపోతే రౌండ్ లెక్కలోకి రాదు. సంగిడిరాయి గారి తాతగారి పద్ధతే.

మనలో ఎంతమందికి ఆ 20లో సంతోష్ బాబు గారి పేరు కాక ఇంకో పేరు తెలుసు? నాకు రెండే తెలుసు. సిగ్గేసింది. నిన్న కూర్చుని అన్నీ తెలుగులో రాసుకున్నాను. రాస్తుంటే కుందన్ కుమార్ అని రెండుసార్లు వచ్చింది. పొరపాటున రెండుసార్లు రాశానని ఒకటి కొట్టేయబోయాను. తర్వాత చూస్తే ఇద్దరు: కుందన్ కుమార్ బిహార్ కుర్రాడు, కుందన్ కుమార్ ఓఝా జార్ఖండ్ కుర్రాడు. గణేశ్‌లు కూడా ఇద్దరు, గణేశ్ హాంస్‌దా, గణేశ్ రామ్. అలా కొట్టేయబోయినందుకు చాలాసేపు మనసు బాగోలేదు.

---

ఐసీయూ_రాత్రి, మే 8

ఆ జాబితాలో నాయక్ దీపక్ సింగ్ పేరు ఏ రౌండ్‌కి వేశారు? ఆయన నర్సింగ్ అసిస్టెంట్. ఆ రాత్రి తను దెబ్బలు తిని కూడా గాయపడినవాళ్ళకి చికిత్స చేస్తూనే ఉన్నారు. 30 మందికి పైగా ప్రాణాలు నిలబెట్టారని వీర్ చక్ర ఇచ్చినప్పుడు చెప్పారు. చలిలో, చీకట్లో, చేతులు మొద్దుబారిపోతుంటే కట్టు కట్టడం ఎలా ఉంటుందో ఊహించడానికే నాకు కష్టంగా ఉంది. మాకు వెలుతురు ఉంటుంది, వెచ్చని గది ఉంటుంది, పక్కన ఇంకో నర్సు ఉంటుంది.

ఆయన భార్య తర్వాత చెన్నైలోని ఆర్మీ ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ పూర్తిచేసి 2023లో లెఫ్టినెంట్ అయ్యారు.

ఆ రౌండ్ నాకివ్వండి. నేను పుల్ అప్స్ చేయలేను. 15 స్క్వాట్స్ చేస్తాను, ఇరవై రౌండ్లూ.

---

కోరుకొండ_పాతవాడు, మే 8

అక్కా, పదో రౌండ్ ఆయనది. సరిగ్గా మధ్యలో, ఆగిపోవాలనిపించే చోట.

---

సూటిమాట, మే 9

రెండు రోజులు ఆలోచించాను. పేర్లు చదివే పద్ధతికి నేను ఒప్పుకుంటున్నాను. కానీ నా మాట కూడా ఒకటి కలపండి. ఆ వారంలోనే ప్రతివాళ్ళూ రక్తం ఇవ్వడమో, సైనిక కుటుంబాలకి తోచింది పంపడమో చేయాలి. డిసెంబర్ 7, సైనికుల కోసం విరాళాలు పోగుచేసే సాయుధ దళాల జెండా దినం దాకా ఆగక్కర్లేదు. మన వీధిలో మాజీ సైనికుడి ఇల్లు ఉంటే వెళ్ళి, ఏదైనా పని ఉందా అని అడగాలి. ఇలా అయితే నేనూ వస్తాను.

---

ఐసీయూ_రాత్రి, మే 9

చాలా మంచి మాట. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: రక్తం ఇచ్చిన రోజు బరువు పనులు చేయకూడదు. మర్ఫ్‌కి ముందు వారంలో ఇస్తే ఒళ్ళు నీరసంగా ఉంటుంది. కాబట్టి వ్యాయామం ముందు, ఒళ్ళునొప్పులు పూర్తిగా తగ్గాక రక్తం.

---

మెట్లెక్కేవాడు, మే 10

ఇంకో సంగతి కూడా ఉంది. మర్ఫీ జట్టులో నలుగురికి బతికింది ఒక్కడే. వాళ్ళకి సాయంగా వెళ్ళిన హెలికాప్టర్‌ని కూల్చేస్తే అందులో ఉన్న 16 మందీ పోయారు. వాళ్ళలో జెఫ్ టేలర్ పేరు మీద కూడా 'జేటీ' అనే వర్కౌట్ ఉంది. బతికిన ఆ ఒక్కడిని దాచి కాపాడింది ఆ కొండల్లోని పష్తూన్ ఊరివాళ్ళు. శరణన్నవాడిని అప్పగించడం వాళ్ళ ఆచారంలో లేదు. తాలిబన్లు బెదిరించినా ఇవ్వలేదు. వాళ్ళది కూడా సేవే కదా? నేను ఈసారి రెండో మైలు ఆ ఊరి కోసం పరిగెత్తుతున్నాను. మా జిమ్‌లో చెబితే ఒకరిద్దరు ముఖం చిట్లించారు. అయినా పరిగెత్తుతాను.

---

పొద్దుటిపరుగు, మెమోరియల్ డే రాత్రి

అయిపోయింది. 1 గంట 4 నిమిషాలు. చొక్కాతో. ఈసారి కోచ్‌ని అడిగి, మొదలుపెట్టే ముందు రెండు నిమిషాలు మాట్లాడాను. పోయినేడు షార్ట్ ఫామా అని అడిగిన కుర్రాడే ముందు వరసలో నిలబడి విన్నాడు. ఫోన్ పడిపోతే మళ్ళీ తీశాడన్న చోట ఎవరూ కదల్లేదు. నూట ముప్పయ్యో పుష్ అప్ దగ్గర చేతులు లొంగిపోయి ఛాతీ నేలకి తగిలింది. లేచాను.

---

కొత్తగా_మొదలు, మర్నాడు

సగం మర్ఫ్, 48 నిమిషాలు. ఈరోజు తల దువ్వుకోలేకపోతున్నాను, కానీ అక్క చెప్పిన లక్షణాలు లేవు. నీళ్ళు బాగా తాగుతున్నాను. జూన్ 15కి 20 రౌండ్లూ చేస్తాను.

---

కోరుకొండ_పాతవాడు, జూన్ 15

మా గ్రౌండ్‌లో ఆరుగురం. వాన తుంపర. నలుగురు మరాఠీవాళ్ళు, వాళ్ళకి పేర్లు దేవనాగరిలో రాసిచ్చాను. మొదటి రౌండ్ సంతోష్ బాబు గారిది. నాయబ్ సుబేదార్ నుదూరామ్ సోరెన్ పేరు చదివేటప్పుడు గొంతు సర్దుకోవాల్సి వచ్చింది. పన్నెండు దాటాక ఊపిరి అందక పేరు ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఆగి మళ్ళీ చదివాం. అందుకే టైం ఎక్కువ పట్టింది, 1 గంట 22 నిమిషాలు. ఆ టైం తగ్గించుకోవాలని నాకు లేదు.

---

ఐసీయూ_రాత్రి, జూన్ 15

నైట్ డ్యూటీ దిగి, మా హాస్టల్ డాబా మీద ముగ్గురం చేశాం. ఇరవై సార్లు పదిహేను, అంటే 300 స్క్వాట్స్. పదో రౌండ్ దగ్గర నాతో ఉన్న జూనియర్ అమ్మాయి "ఈయన మనవాడే అక్కా" అంది. ఆ పదిహేనూ ముగ్గురం ఒకే లయలో చేశాం. తర్వాత కిందికి వచ్చి టీ తాగాం, ఎవరం ఏం మాట్లాడుకోలేదు.

---

సూటిమాట, జూన్ 16

పన్నెండు రౌండ్లే చేయగలిగాను. మిగతా ఎనిమిది పేర్లు నిలబడి చదివాను. సాయంత్రం మా మేనమామ దగ్గరికి వెళ్ళాను. పెన్షన్‌లో ఒక సవరణ ఇంకా మిగిలే ఉందట. సోమవారం ఆయనతో పాటు ఆఫీసుకి వెళ్తున్నాను, సెలవు పెట్టేశాను.

---

సంగిడిరాయి, జూన్ 16

మోకాళ్ళు ఒప్పుకోవు కాబట్టి బస్కీలు తీయలేదు. రౌండ్‌కి ఒక్క దండీ, మొత్తం ఇరవై. మనవడు పేర్లు చదివాడు. మట్టి రాసుకునే మొదలుపెట్టాం.

---

కొత్తగా_మొదలు, జూన్ 16

20 పూర్తయ్యాయి. నాకు హవల్దార్ కె. పళని పేరు దగ్గర ఆగాలనిపించింది, ఎందుకో తెలియదు. ఇంటికొచ్చి ఆయనది ఏ ఊరో వెతికితే తమిళనాడులో రామనాథపురం జిల్లా. మ్యాప్ తెరిచి సముద్రం పక్కనున్న ఆ జిల్లా నుంచి గాల్వాన్ దాకా వేలు జరుపుకుంటూ వెళ్ళాను. దేశం మొత్తం దాటాలి.

అన్నా, ఆ పేర్ల కాగితం చెమటకి తడిసి పదిహేడో పేరు దగ్గర చిరిగింది. ఫైల్ ఇంకోసారి పెట్టండి. ఈసారి లామినేషన్ చేయించి బార్ పక్కన కడతాను.